కనిపించే దారం

పైనీ బెండ్, టెనసీ
ఆగస్టు 12, 1984

నాయనా గ్లెన్,

నీ దగ్గు తగ్గిందా? ముందు అది రాయి. టైర్ల ఫ్యాక్టరీలో ఆ పొగ మధ్య ఇన్నేళ్ళు నిలబడ్డ మనిషికి దగ్గు ఊరికే రాదు, డాక్టరుకి చూపించుకో. కోడలు పాట్సీ నడుం నొప్పి ఎలా ఉంది? తడిబట్టల బుట్ట తనని ఎత్తనివ్వకు. మీ పిల్ల టీనా పళ్ళకి వేసిన తీగ తీసేశారా? ఇంకా ఉంటే మొక్కజొన్న కంకులు కొరకొద్దని చెప్పు, తీగ ఊడి గొంతులోకి పోతే ఏమిటి గతి. ఇక మీ నాన్న. వాడి సంగతి నువ్వైనా రాయి. తమ్ముడు తన చేత్తో నాలుగు ముక్కలు రాసి ఏడాది కావస్తోంది. ఫోన్ చేస్తే, "బాగానే ఉన్నానక్కా, నీ కోళ్ళెలా ఉన్నాయి?" అని నా మాట నా మీదికే తిప్పేస్తాడు. ఫోన్లో నాకు సగం మాటలు వినబడవు. పెట్టేశాక ఆ వినబడని సగం గురించే దిగులు. అందుకే ఉత్తరం అంటాను.

నాకు మోకాలు తప్ప అంతా బాగానే ఉంది. కోళ్ళగూటి దగ్గర పాము కుబుసం కనబడింది. పాము కనబడలేదు. కనబడినా బాగుండేది, ఎక్కడుందో తెలిసేది.

పడవ కొని, అక్టోబరులో నాన్నని తీసుకొచ్చి, డ్యాము నీళ్ళలో మునిగిపోయిన మన పాత ఇంటి మీద బాస్ చేపలు పట్టిస్తానని రాశావు. ఏ పడవ, ఏ దారం అని నన్నడిగావు. నేను గాలం పట్టినదాన్ని కాదు, పడవ ఎక్కినదాన్ని అసలే కాదు. కానీ మీ లూథర్ మామయ్య బతికున్నన్నాళ్ళూ పట్నం వాళ్ళని చేపల వేటకి తిప్పిన మనిషి. రోజూ వంటింటి బల్ల మీద గాలపు దారం రీళ్ళు విప్పుకుంటూ ఆయన చెప్పిందంతా నేను చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ విన్నాను. కనక ఇవి ఆయన మాటలే అనుకో.

పడవ కొనేటప్పుడు రంగు చూడకు, మోటారు తగిలించే వెనక పలక చూడు. మోటారు కాలు పట్టుకుని పైకీ కిందికీ గట్టిగా ఊపు. పలక కదిలిందంటే లోపల చెక్క కుళ్ళిందని అర్థం. అమ్మేవాడికి దణ్ణం పెట్టి ఇంటికెళ్ళిపో. నీకు కావలసింది అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవ, చిన్న మోటారు, అంతే. ఎత్తైన కుర్చీలు, వాటికి వీపు, పక్కన పట్టుకోవడానికి కమ్మీలు ఉన్న పెద్ద పడవ చూశానన్నావు. అందులో చేపలు పడతావా, మంగలి షాపు పెడతావా?

దారం సంగతి. పసుపుపచ్చగా మెరిసే నైలాన్ దారం మంచిదేనా అని అడిగావు. వద్దు. అది ఇక్కడ రేవు నడిపే వర్జిల్ పట్నం వాళ్ళకి అంటగట్టే సరుకు. చేపకి కళ్ళున్నాయి, మనకంటే మంచి కళ్ళు అనేవాడు మీ మామయ్య. నీళ్ళలో కలిసిపోయే తెల్లదారం కొను, పన్నెండు పౌన్ల బరువు ఆపేది. ఎండ తగిలే కిటికీలో పెట్టిన చుట్ట కొనొద్దు. దారానికి ఎండ విషం.

అక్టోబరులో మాత్రం రావద్దు. అప్పటికి డ్యాము వాళ్ళు నీళ్ళు దించేస్తారు. మొద్దులు పైకి తేలతాయి, పడవ అడుగు చీరుకుపోతుంది. ఏప్రిల్లో నీళ్ళు నిండి, డాగ్‌వుడ్ చెట్లు పూశాక రండి. చేపలు ఒడ్డుకొచ్చేది అప్పుడే.

నీ కోసం రోజూ ప్రార్థన చేసే
జెల్మా అత్త

ఏక్రన్, ఒహాయో
ఆగస్టు 26, 1984

అత్తా,

నా దగ్గు తగ్గింది. పాట్సీ నడుం ఎప్పటిలాగే ఉంది. టీనాకి తీగ ఇంకో ఏడాది ఉంటుందట. కంకులు కోసి గింజలు పెడుతున్నాం, నువ్వు దిగులు పడకు. నాన్న బాగానే ఉన్నాడు. రిటైరయ్యాక ఇంట్లోనే ఉంటున్నాడు.

వెనక పలక సంగతి చెప్పి మంచిపని చేశావు. నిన్న ఒకటి ఊపి చూశాను, పచ్చి రొట్టెలా కదిలింది. అమ్మేవాడు నావైపు చూసిన చూపు నువ్వు చూడాల్సింది.

కానీ నాకు ఆ వెడల్పు పడవే కావాలనిపిస్తోంది. చిన్న పడవలో మనిషి లేచి నిలబడితే ఊగుతుంది కదా. దారం కూడా పసుపుదే మేలేమో ఇంకోసారి ఆలోచించి చెప్పు. మెత్తటి ఎర వేసినప్పుడు చేప పట్టిన సంగతి దారం కదలడం చూసే తెలుసుకోవాలని విన్నాను. తెల్లదారం కనబడకపోతే ఎలా?

నాన్నకి అక్టోబరే కావాలట. ఏప్రిల్ దాకా ఆగడం కుదరకపోవచ్చు. "పాత ఇంటి ముందు అమ్మ మెట్ల దగ్గర తిరిగే పెద్ద చేప నాది, ఎవర్నీ పట్టనివ్వొద్దని అక్కకి చెప్పు" అన్నాడు.

నీ
గ్లెన్

పైనీ బెండ్
సెప్టెంబరు 9, 1984

నాయనా గ్లెన్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాన్న "ఇంట్లోనే ఉంటున్నాడు" అన్నావు. అంటే ఏమిటి? తోటపని చెయ్యడా? వాడు కుదురుగా కూర్చునే మనిషి కాదే. కడుపులో పుండేమైనా వచ్చిందా? మా నాన్నకి అదే ఉండేది. పుల్లటివి తిననివ్వకు. పాట్సీ వంటలో మిరియాలు తగ్గించమను.

ఏప్రిల్ దాకా ఆగడం కుదరదన్నావు. ఫ్యాక్టరీలో సెలవివ్వరా? పైవాళ్ళని మర్యాదగా అడుగు. ముందే అడిగితే ఇస్తారు.

పడవ గురించి నీకు కోపం వచ్చినా చెప్పక తప్పదు. ఆ మెరుపుపొడి అద్దిన పడవలు మా రేవులోకీ వస్తున్నాయి. కుర్రాళ్ళు హైవే మీద కార్ల కంటే జోరుగా తోలుతున్నారు. పోయినేడు ఒకడు మలుపులో బయటికి విసిరేయబడ్డాడు. మోటారు ఆపే తాడు నడుముకి తగిలించుకోలేదు, ఖాళీ పడవ వాడి చుట్టూ గిరగిరా తిరిగింది. వర్జిల్ వెళ్ళి లాగబట్టి బతికాడు. నువ్వే పడవ కొన్నా ఆ తాడు తగిలించుకోకుండా మోటారు ముట్టుకోకు. లైఫ్ జాకెట్ తొడుక్కో, కింద పరుచుకుని కూర్చోకు. పడవ అడుగున నీళ్ళు పోయే కంతకి బిరడా పెట్టావో లేదో ఒడ్డునే చూసుకో. మా పాస్టరు బిరడా మరిచిపోయి పడవ దింపాడు. రేవు దాటకుండానే మునిగింది. మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డ ఆయనతో వర్జిల్, "పాస్టరుగారూ, మీది రెండో బాప్తిస్మమా?" అన్నాడట. ఆదివారం గుడిలో ఆయన మొహం చూసి నాకు నవ్వాగలేదు. నవ్వినందుకు రెండు రోజులు భయపడ్డాను.

ముడి వేసే పద్ధతి రాస్తున్నాను, మీ మామయ్యది. దారం రెండు పేటలు చేసి గాలం కన్నులోంచి దూర్చు. ఆ రెండు పేటలతోనే వదులుగా ఒక ముడి వెయ్యి. చివర మిగిలిన ఉచ్చులోంచి గాలాన్ని దాటించు. అప్పుడు ఉమ్మితో తడిపి నెమ్మదిగా లాగు. తడపకపోతే రాపిడి వేడికి దారం అక్కడే చచ్చిపోతుంది, కంటికి కనబడదు, పెద్ద చేప పడ్డప్పుడు తెలుస్తుంది. ప్రతి చేప తర్వాతా దారం చివర మూరెడు వేళ్ళ మధ్య లాగి చూసుకో, గరుకు తగిలితే కోసేసి మళ్ళీ కట్టు. ఇంకోటి. పాట్సీ పాత నైలాన్ మేజోడు తీసుకుని గాలపు కర్ర మీది రింగుల్లోంచి లాగు. ఎక్కడ పోగు పట్టుకుంటే ఆ రింగు చిట్లిందన్నమాట. ఇది మాత్రం నేను కనిపెట్టిందే. మీ మామయ్య ఊరంతా తనదని చెప్పుకున్నాడు.

పసుపు దారం వద్దని చెప్పాను కదా. మళ్ళీ అడగడం దేనికి? ఆ మెరుపుల పడవ, ఆ రంగుల దారం అన్నీ చూస్తుంటే ఇది నీ సరదాలా ఉంది గానీ మీ నాన్న కోరికలా లేదు. వాడు జీవితమంతా వెదురు కర్రతో పట్టినవాడు. వాడికి అరవై దాటాయి. నీ సరదా కోసం వాణ్ణి నీళ్ళ మీదికి ఈడ్చకు. ఈ అక్టోబరు వద్దు. మీరిద్దరూ ఆ మొద్దుల మధ్య తిరుగుతుంటే వరండాలో నేను ఊపిరి పీల్చలేను.

మీ మేలు కోరే
అత్త

ఏక్రన్
సెప్టెంబరు 30, 1984

అత్తా,

అందరం బాగున్నాం.

పడవ కొనడం లేదు. అక్టోబరులో రావడం లేదు. నువ్వు నిశ్చింతగా ఉండొచ్చు.

నువ్వు వద్దన్నావని నాన్నకి చెప్పలేదు. నీళ్ళు దించేస్తారట అని మాత్రం చెప్పాను. "అందుకేగా" అన్నాడు.

గ్లెన్

పైనీ బెండ్
అక్టోబరు 21, 1984

నాయనా గ్లెన్,

నీ ఉత్తరం మరీ పొట్టిగా ఉంది. ఒంట్లో బాగాలేక అలా రాశావా, పనిలోకి వెళ్ళే తొందరలో రాశావా? పొట్టిదైనా చదివి గుండె మీది బండ దిగినట్టయింది. పెద్దదాని మాట విన్నావు, దేవుడు నిన్ను చల్లగా చూస్తాడు. పాట్సీ, టీనా బాగున్నారా? మీ నాన్న పాలు తాగుతున్నాడా?

ఇక్కడ చలి మొదలైంది. చిక్కుడుకాయలు సీసాల్లో పెట్టడం అయిపోయింది, టమాటాలు కూడా. పాము ఇంకా కనబడలేదు.

నీళ్ళు బాగా దించేశారు. వరండాలోంచి చూస్తే పాత రోడ్డు బురదలోంచి తేలింది. దాని పక్కనే మా అమ్మ ఇంటి మెట్లు. పైవి మూడు బయటికొచ్చాయి. ఇల్లు కూల్చి చెక్కలు పట్టుకుపోయారు గానీ మెట్లు రాతివి, వాటినెవరు మోస్తారు. ప్రతి ఏడూ వచ్చేవే. చూడ్డానికేముంది, బురద తప్ప. నేను పెద్దగా అటు చూడను.

మీ నాన్నకి ఒక పెట్టె పంపుతున్నాను. మీ మామయ్య గాలపు కర్ర, ఆయనకి బాగా ఇష్టమైన రీలు. పాత దారం తీసేసి కొత్త తెల్లదారం నేనే కూర్చుని చుట్టాను. రెండు వేళ్ళ మధ్య తడిగుడ్డతో బిగువుగా పట్టుకుని చుట్టాను, వదులుగా చుడితే తర్వాత చిక్కుపడుతుంది. ఊదారంగు రబ్బరు పురుగులు, వాటి గాలాలు కూడా పెట్టాను. పెరట్లో పాత టైరు పడేసి దాని మధ్యలోకి విసరడం సాధన చెయ్యమను. ముడి తనే వేసుకోవాలి, నువ్వు వేసివ్వకు. ఏప్రిల్‌కి చెయ్యి తిరుగుతుంది.

చూశావా, నాకు మీరు రావడం ఇష్టం లేక కాదు. భయం, అంతే.

మీ
అత్త

ఏక్రన్
నవంబరు 25, 1984

అత్తా,

ఇది చెప్పనని నాన్నకి మాటిచ్చాను. ఇవాళ మాట తప్పుతున్నాను. కూర్చుని చదువు.

నాన్నకి కళ్ళు పోయాయి.

నీటికాసులు. రెండేళ్ళ కిందటే ఎడమ కన్ను పోయింది. ఎవరికీ చెప్పలేదు, మాకు కూడా. వేసవికి కుడి కంటికి నడిమధ్యన కొంచెం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. ఉన్నంతలో ఏం చూడాలని ఉంది నాన్నా అని అడిగితే, "అమ్మ మెట్లు" అన్నాడు. మెట్లు కనబడేది నీళ్ళు దించినప్పుడే కదా. అందుకే అక్టోబరు. చేపలు ఒక వంక. గాలం పట్టుకుని పడవలో వెళ్తే జనం వింతగా చూడరు, అక్క కంగారుపడదు అన్నాడు.

పెద్ద పడవ ఎందుకంటే నాన్న నడుస్తూ తూలుతున్నాడు. కుర్చీకి వీపు, పక్కన కమ్మీ అందుకే. పసుపు దారం ఎందుకంటే అదొక్కటే నాన్నకి కనబడింది. షాపులో చుట్టలన్నీ ఒక్కొక్కటే మొహానికి దగ్గరగా పట్టి చూశాడు. పసుపుది చూసి, "ఇది ఉందిరా" అన్నాడు. నేను నీకది రాయలేకపోయాను. రాస్తే నువ్వు మమ్మల్ని నీళ్ళ దరిదాపులకి రానివ్వవని నాన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. "అక్కకి చెప్తే నా కళ్ళు పోకముందే తను పోతుంది" అన్నాడు. నువ్వెలాగూ రానివ్వలేదు.

నీ పెట్టె వచ్చిన వారానికి పెరట్లో కూర్చుని ముడి వెయ్యబోయాడు. నేను వేసిస్తానంటే, తనే వేసుకోవాలని నువ్వు రాశావట కదా, పాట్సీ చదివి వినిపించింది, కాబట్టి తనే వేస్తానన్నాడు. తెల్లదారం కనబడలేదు. గాలం బొటనవేల్లోకి ముల్లుదాకా దిగింది. ఆసుపత్రిలో తీయించాల్సి వచ్చింది. వేలికంటే ఎక్కువ నొప్పి ఇంకెక్కడో పుట్టింది. ఆ సాయంత్రం నుంచి కర్ర ముట్టుకోలేదు.

ఆ తర్వాత వారంలో కంటికి ఆపరేషన్ చేశారు. నిలవలేదు. అప్పటికే అయిపోయిన కన్నని డాక్టరు ముందే చెప్పాడు. మొన్న థాంక్స్‌గివింగ్ పండగ నాడు బల్ల దగ్గర, "టర్కీ బాగా ఎర్రగా వేగిందా?" అని అడిగాడు. అందరం తింటున్నది ఆపేశాం.

నీ మీద కోపంతో రాయడం లేదు. కోపం లేదనీ అనను.

గ్లెన్

పైనీ బెండ్
డిసెంబరు 2, 1984

గ్లెన్,

ఒళ్ళెలా ఉందని ఈసారి ఎవర్నీ అడగను. అన్నిటి గురించీ అడిగాను, కడుపులో పుండు గురించి అడిగాను, మిరియాల గురించి అడిగాను. కళ్ళ గురించి అడగలేదు.

నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, తీసెయ్యకు. నాకది న్యాయంగానే ఉంది.

ఉత్తరం చదివాక వరండాలోకి వెళ్ళాను. మెట్లు ఎండలో ఉన్నాయి. అక్టోబరు నుంచీ అలాగే ఉన్నాయి. రోజూ నేను కళ్ళున్నదాన్ని అటు చూడకుండా పళ్ళెం కడుక్కుని లోపలికి వచ్చేశాను. చూడ్డానికేముంది బురద తప్ప అని రాశాను కదా నీకు. ఆ ఉత్తరం మీ నాన్నకి చదివి వినిపించారా? వినిపించే ఉంటారు.

మీ మామయ్య విషయంలో నలభై ఏళ్ళు నీళ్ళకి భయపడ్డాను. ఆయన ఇంట్లో కుర్చీలో కూర్చుని టోపీ తీస్తూ పోయాడు. అప్పుడైనా నాకు తెలియాల్సింది. ఆయన ఏటేటా పిలిచేవాడు. "ఒక్కసారి రా జెల్మా, మీ అమ్మ గుమ్మంలోంచి చేపలు ఎలా వస్తాయో చూపిస్తా" అనేవాడు. వచ్చే ఏడు అనేదాన్ని. నాకు చెప్తే కంగారుపడతానని ఆయన గుండెనొప్పి నాకు చెప్పలేదు. తమ్ముడు కళ్ళ సంగతి చెప్పలేదు. నువ్వు నిజం చెప్పలేదు. నా భయం మీ అందరికీ ఇంకో జబ్బు మనిషిలా తయారైంది, దానికి వినబడకుండా గుసగుసలాడుకున్నారు. మిమ్మల్ని అనడానికేం లేదు.

వేలికి చీము పట్టలేదు కదా? అదిగో, మళ్ళీ అడిగాను.

తమ్ముడికి ఫోన్ చేద్దామని రెండుసార్లు పట్టుకున్నాను. ఏమనాలో తెలియక పెట్టేశాను. నేను వద్దన్నానని ఇప్పుడు వాడికి తెలిసిందా? తెలియకపోతే నువ్వు చెప్పు. నీళ్ళు దించారన్న వంక మీదికి నెట్టొద్దు.

జెల్మా

ఏక్రన్
జనవరి 13, 1985

అత్తా,

వేలు మానింది.

నాన్నకి చెప్పాను. తనకి మొదటినుంచీ తెలుసట. "నేను పుట్టినప్పట్నుంచీ వద్దంటూనే ఉంది, కొత్తగా ఇవాళ అన్నట్టు చెప్తావేంట్రా" అన్నాడు. కోపం లేదు. కోపమున్నా బాగుండేది. వంటింటి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు, రేడియో కూడా పెట్టుకోడు. కిటికీ వైపే ఎందుకు తిప్పి కూర్చుంటాడో నేనడగలేదు.

ఏప్రిల్లో వెళ్దామా నాన్నా అన్నాను. రానన్నాడు. "ఏం చూడ్డానికి? తనకి భయం, నాకు చీకటి. ఇద్దరం ఒక పడవలో కూర్చుని ఏం చేస్తాం?" అన్నాడు.

నేనింక బలవంతం చెయ్యను. నువ్వేమైనా రాస్తే చదివి వినిపిస్తాను.

గ్లెన్

పైనీ బెండ్
ఫిబ్రవరి 17, 1985

గ్లెన్,

ఇది మీ నాన్నకి చదువు. మధ్యలో ఆపకుండా చదువు.

తమ్ముడూ హోబర్ట్, నేను అక్కని. రేవులో వర్జిల్ దగ్గరికి వెళ్ళి, కళ్ళు లేనివాడు బాస్ చేపని పట్టగలడా అని అడిగాను. వాడు పొగాకు ఉమ్మి ఆలోచించాడు. "జెల్మమ్మా, కళ్ళున్నవాళ్ళు ఏం పడుతున్నారు గనక" అన్నాడు. తర్వాత నవ్వడం మాని చెప్పాడు. మెత్తటి ఎర వేసినప్పుడు పని చేసేది వేలట. కర్ర పట్టుకున్న చేతి చూపుడువేలు దారం మీద పెట్టి, దారానికి కట్టిన సీసపు గుండుని నీళ్ళ అడుగున నెమ్మదిగా ఈడ్చుకుంటూ రావాలి. చేప ముడితే టిక్కుమంటుంది, తలుపు మీద ఎవరో ఒక్కసారి కొట్టినట్టు. వెంటనే గుంజకూడదు. కర్ర దించి, దారం బరువెక్కేదాకా ఆగి, అప్పుడు లాగాలి.

నేను చూపించమన్నాను. వాడు నన్ను ఎగాదిగా చూసి, "ఒడ్డు మీంచా?" అన్నాడు. కాదు, పడవలోంచి అన్నాను.

ఎక్కాను హోబర్ట్. మీ బావగారి పడవే, వర్జిల్ షెడ్డులో పెట్టుకున్నాడు. వెనక పలక నేనే ఊపి చూశాను. బిరడా నేనే బిగించాను, మళ్ళీ రెండుసార్లు ముట్టుకుని చూశాను. లైఫ్ జాకెట్ మీద కోటు, కోటు మీద ఇంకో లైఫ్ జాకెట్. వర్జిల్ నన్ను చూసి పాస్టరుకి కబురు పెట్టనా అన్నాడు. గట్టు వదలగానే బైబిల్లో వాక్యాలన్నీ మరిచిపోయాను. పళ్ళు బిగించి కూర్చున్నాను.

పాత రోడ్డు నీళ్ళలోకి దిగే చోట ఆపాడు. కళ్ళు మూసుకుని దారం మీద వేలు పెట్టుకున్నాను. కాసేపటికి ఎక్కడున్నానో తెలిసింది. బురదలో గుండు ఏమీ అనదు, వెన్నలో కత్తిలా వస్తుంది. రోడ్డు మీది గులకరాళ్ళ దగ్గర చిటపటలాడుతుంది. మన కంచె ఉన్న వరస దాటి నున్నటి రాతి మీద ఒక్కసారి టక్కుమని జారింది. కింది మెట్టు అది, ఇంకా నీళ్ళలోనే ఉంది. నేను కళ్ళు మూసుకుని మన ముంగిట్లో నడిచి మెట్టు దగ్గరికి వెళ్ళాను తమ్ముడూ. చేప పడలేదు. ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను, భయానికి కాదు.

మర్నాడు వర్జిల్, నేను సిమెంటు దిమ్మకి తీగతో సెడారు చెట్టు కట్టి మెట్ల పక్కన బురదలో పడుకోబెట్టాం. నీళ్ళు పెరిగాక చిన్న చేపలు దానిలో చేరతాయి, వాటి కోసం నీ పెద్ద చేప వస్తుంది. ఈ చోటు వర్జిల్ ఎవరికీ చెప్పనని మాటిచ్చాడు. వాడి మాట మీద నాకు నమ్మకం లేదు, కానీ చెట్టు మాత్రం అక్కడుంది.

నువ్వు చూడాలనుకున్నది నేను చూడనివ్వలేదు. అది ఇక రాదు, ఎన్ని ఏప్రిళ్ళు వచ్చినా రాదు. నా దగ్గర ఇవ్వడానికి మిగిలింది ఇదొక్కటే. నీకు చీకటి, నాకు భయం అన్నావట. నేను భయంతోనే ఎక్కాను. నువ్వు చీకటితోనే రా.

అక్క

ఏక్రన్
మార్చి 10, 1985

అత్తా,

ఆపకుండా చదివాను. నాన్న కుర్చీ జరుపుకుని లేచాడు. భోజనం చేశాడు, పడుకున్నాడు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఉన్నట్టుండి, "రెండో మెట్టు మీద గుంట ఉందా ఇంకా?" అన్నాడు. ఏ గుంట అని అడిగాను. చిన్నప్పుడు తను వాల్‌నట్ కాయలు సుత్తితో అక్కడే పెట్టి కొట్టేవాడట, రాయి గుంటపడి నానమ్మ చేత తన్నులు తిన్నాడట. నిన్ను అడిగి రాయమన్నాడు.

తర్వాత కర్ర ఎక్కడ పెట్టావురా అన్నాడు. తెచ్చిచ్చాను. కిటికీ దగ్గరే కూర్చుని ముడి వేశాడు. నాలుగోసారికి కుదిరింది. ఉమ్మితో తడిపాడు కూడా.

ఎప్పుడు రమ్మంటావో నువ్వే చెప్పు.

గ్లెన్

పైనీ బెండ్
మార్చి 17, 1985

నాయనా గ్లెన్,

నీ ఉత్తరం అందగానే రబ్బరు బూట్లు తొడుక్కుని వెళ్ళాను. నీళ్ళు పెంచడం మొదలుపెట్టారు, అప్పటికే రెండో మెట్టు అంచు తడుస్తోంది. గుంట ఉందని చెప్పు. బురద నిండిపోయి ఉంటే వేలితో తీసేశాను. నా బొటనవేలు సరిగ్గా పట్టింది. ఇప్పుడది నీళ్ళ కింద ఉంది, శుభ్రంగా ఉంది.

పాము నిన్న కనబడింది. ఎండలో పడుకుంది పాపం, నన్ను చూసి అదే పారిపోయింది.

వచ్చేటప్పుడు దారి పొడుగునా మెల్లగా రా. పాట్సీ నడుం వెనక దిండు పెట్టు. పెద్ద పడవ వద్దు, ఏదీ కొనొద్దు. వర్జిల్ మీ మామయ్య పడవకి వీపున్న కుర్చీ ఒకటి బిగించాడు, పక్కన కమ్మీ కూడా. మంగలి షాపులా ఉందని నేనే అన్నాను, నవ్వాడు. కర్ర తీసుకురండి గానీ దానికున్న తెల్లదారం తీసి పారెయ్యండి. ఇక్కడ పసుపుపచ్చది కొని ఉంచాను. తమ్ముడికి ఇప్పుడు ఏ రంగైనా ఒకటేనని తెలుసు. అది నా కోసం. వాడు వేలితో పట్టుకుంటాడు, నేను ఎదురుగా కూర్చుని దారం కదలడం చూస్తాను. ఇద్దరిలో ఎవరికి ముందు తెలుస్తుందో చూద్దాం.

మళ్ళీ రాయనక్కర్లేదు, బయలుదేరి రండి. డాగ్‌వుడ్ పూసే వేళ, ఏప్రిల్ ఇరవై, శనివారం. పొద్దున్నే రేవులో ఉంటాను, బిరడా బిగించి.

జెల్మా అత్త